పొగరు ఎవరి మాట?

మాటల మీద మక్కువతో జీవితం గడిపిన ఒక అధ్యాపకుని జ్ఞాపకార్థం జరిగే సభ ఇది. ఇలాంటి చోట సాహిత్యం మొత్తాన్నీ తలకెత్తుకునే బదులు ఒక్క మాట పట్టుకుని దాని లోపలికి దిగడమే తగిన నివాళి అనిపించింది. నేను ఎంచుకున్నది పండితుల మాట కాదు. సన్మానపత్రాల్లో కనపడదు. రచ్చబండ దగ్గర, బస్సులో, ఆఫీసు వరండాలో, వంటింట్లో మాత్రం రోజూ వినపడుతుంది. ఆ మాట పొగరు. నిఘంటువు తెరిస్తే గర్వమనీ అహంకారమనీ మదమనీ అర్థాలుంటాయి. అర్థం తెలియని తెలుగువాడు ఉండడు కాబట్టి ఆ పుట దగ్గర ఎవరూ ఆగరు. నేను అక్కడే ఆగుతున్నాను. పొగరు మనిషిలోని ఒక గుణానికి పేరని నిఘంటువు చెప్పేది సగం నిజమే. వాడుకను గమనిస్తే అది గుణం పేరు కన్నా ఎక్కువగా ఒక ఫిర్యాదు. నువ్వు వంగుతావనుకున్నాను, వంగలేదు అనే ఫిర్యాదు. ఎవరి గురించి ఆ మాట అన్నారో వారి సంగతి కన్నా, అన్నవారు ఏ మెట్టు మీద నిలబడి అన్నారో ఆ సంగతే అది ఎక్కువగా చెబుతుంది. ఇదీ నా వాదం.

వాదంలోకి దిగేముందు ఒక తేలిక దారి మూసేయాలి. పొగ నుంచి పొగరు వచ్చిందనీ, లోపల నిప్పు లేకపోయినా పైకి లేచేదే పొగరనీ చెబితే చెవికి ఇంపుగా ఉంటుంది, సభలో చప్పట్లు కూడా పడతాయి. కానీ ధ్వని దగ్గరగా ఉన్నంత మాత్రాన రెండు మాటలు అక్కాచెల్లెళ్ళు కావు. పుట్టుక తెలిసినా మాట ఇవాళ చేస్తున్న పని తెలియదు. అభిమానం సంస్కృతంలో అహంకారానికి దగ్గరి మాట. తెలుగులో అది ప్రేమగా మారి, సినిమా హాలు ముందు కటౌటుకు పాలాభిషేకం చేసే కుర్రవాణ్ణి అభిమాని అని పిలిచేదాకా వచ్చింది. భేషజం సంస్కృతంలో మందు, తెలుగులో లేనిపోని బింకం. గిడుగు రామమూర్తి పంతులు తన పుస్తకానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని పేరు పెట్టినప్పుడు ఈ రెండర్థాలూ ఒక్క దెబ్బకు పలికాయి. పండిత వైద్యులు భాషకిచ్చిన మందూ అదే, వారి బింకమూ అదే. గర్వాన్ని చెప్పే మాటలు ఇలా జారుతూనే ఉంటాయి. కనుక ఇక్కడ సాక్ష్యం చెప్పవలసింది వాడుక. ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో, ఏ క్రియతో కలిపి అంటున్నారో చూడాలి.

పొగరుకు తెలుగులో పెద్ద బంధుబలగం ఉంది. తలబిరుసు, నిక్కు, నీలుగు, కండకావరం, కొవ్వు, బలుపు, మిడిసిపాటు, గీర, టెక్కు. వీటిలో చాలావాటికి శరీరం ఉంది. బిరుసంటే వంగని గట్టిదనం, తలబిరుసంటే తల వంగకపోవడం. నిక్కడమంటే నిటారుగా లేవడం. కుక్క చెవులు నిక్కబొడుచుకుంటాయి, మనకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నీలగడమంటే ఒళ్ళు కర్రలా బిగదీయడం. జాగ్రత్తగా చూస్తే ఇవేవీ ఎదుటివాడికి కీడు చేసే చేష్టలు కావు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, ఎవరి సొమ్మూ లాక్కోలేదు. వెన్ను నిటారుగా ఉంది, తల దించలేదు, అంతే. వంగకపోవడం నేరమైతే, వంగడం అక్కడ కట్టుబాటు అయి ఉండాలి. మాట పుట్టకముందే మెట్లు ఉన్నాయన్నమాట.

పొగరుబోతు అన్నప్పుడు చెవికి దున్నపోతు, మేకపోతు వినపడక మానవు. పొగరెక్కిన కోడె, పొగరుబోతు గిత్త అనడం పల్లెలో మామూలు. కోడెకు పొగరు తప్పు కాదు, దాని వయసు అది. కానీ రైతుకు పని జరగాలి. అందుకని ముకుతాడు గుచ్చుతాడు, కాడికి మెడ అలవాటు చేస్తాడు, చేలమీద పడే గొడ్డు మెడకు గుదిబండ కడతాడు. పశువు విషయంలో ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. చిత్రమేమంటే ఈ కొట్టంలోని సామగ్రి అంతా మనుషుల నుడికారంలోకి చెక్కుచెదరకుండా వచ్చేసింది. కుర్రవాడు మాట వినకపోతే పెళ్ళి చేసి ముకుతాడు వేయాలంటాం. దూకుడు మనిషికి కళ్ళెం వేయాలంటాం. మెడలు వంచాలంటాం. గొడ్డుకు పొగరుందని ఎవరంటారు? దాన్ని తోలేవాడు అంటాడు. కాడి కింద ఉన్న జతగిత్త తన జోడు గురించి ఆ మాట అనదు. ఈ చూపు మనిషి మీదికి తిరిగినప్పుడు, అన్నవాడు తనకు తెలియకుండానే ములుకోల పట్టుకున్నవాడి చోట నిలబడతాడు.

ఇంకొంచెం లోపలికి వెళితే తిండి కనపడుతుంది. తిన్నది అరక్క, ఒళ్ళు కొవ్వెక్కి, బలిసి, తిండెక్కువై. పనివాడు ఎదురు మాట్లాడితే నోటికి ముందు వచ్చే మాటలివి. మన పెద్దలు చెప్పే అష్టమదాల పట్టికలోనూ అన్నమదం ఉంది, అదీ మొదటి స్థానంలో. ధనమూ విద్యా కులమూ రూపమూ దాని తర్వాతివే. ఈ వరుస వేదాంతానికి సరిపోవచ్చు. కానీ నేలమీదికి దించి చూస్తే మనసు కలుక్కుమంటుంది. 1876-78 నాటి ధాత కరువు చూసిన నేల ఇది. పాలేరుకు జీతం గింజల్లో కొలిచి ఇచ్చిన ఊళ్ళు ఇవి. అలాంటి చోట ఒక మనిషి ఒంటిమీది కొవ్వును కొలిచేది ఎవరు? అతనికి గింజలు కొలిచేవాడే. పనికి సరిపడే తిండి ఇంత అని ఒక లెక్క యజమాని మనసులో ఉంది, దానికి మించి ఒంట్లో చేరిన బలమంతా ఆయన దృష్టిలో మిగులు. ఆ మిగులే కొవ్వు, ఆ మిగులు మాట్లాడితే బలుపు. కలిగినవాడి ఒంటిమీద అదే కొవ్వు కనపడితే దానికి పుష్టి అనీ, కళ అనీ, దొరబిడ్డలా ఉన్నాడనీ పేర్లు పెట్టాం. ఒక్క పదార్థానికి రెండు పేర్లు.

కలిగినవాడి అహంకారానికి భాషలో పేర్లు లేవా అంటే బోలెడు ఉన్నాయి. కానీ అవి వేరే గదిలో ఉన్నాయి. కళ్ళు నెత్తికెక్కాయంటాం, కళ్ళకు పొరలు కమ్మాయంటాం, కాలు భూమ్మీద ఆనడం లేదంటాం. ఇవి చూపుకూ నడకకూ సంబంధించిన దోషాలు. చూపు తిరిగిరావచ్చు, పొరలు తొలగవచ్చు. పేదవాడి ఒంట్లోని కొవ్వులాగా కరిగించవలసినవి కావు. ఇంకా పైమెట్టుకు వెళితే దోషం కాస్తా భూషణమవుతుంది. దర్పం, ఠీవి, రాజసం, దొరతనం. దుర్యోధనుడు అందరికీ తెలిసిన దురహంకారి. అయినా మన పద్యనాటకం వేదిక మీద అతను రారాజు, అభిమానధనుడు. అతని అహంకారం ధనం లెక్కలోకి వెళ్ళింది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలిగి, తన పాదాల మీద వాలిన కృష్ణుని తలను ఎడమకాలితో తన్నింది. తెలుగు రసికలోకం దానికి పెట్టిన పేరు మానం, ప్రణయకోపం. కూచిపూడి భామాకలాపం ఆ మానిని జడ చుట్టూ ఒక నాట్యసంప్రదాయాన్నే అల్లింది. అంతఃపురంలో నీళ్ళు మోసే పిల్ల అలాగే కాలు విసిరిందనుకోండి. దానికి ఏ మాట వాడతారో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. గర్వభంగానికి దేవుడు దిగిరావాలి, పొగరణచడానికి పక్కింటి కామందు చాలు.

ఇదంతా అలంకారాల సంగతి, వ్యాకరణం ఏమంటుందని ఎవరైనా అడగవచ్చు. వ్యాకరణం ఇంకా కచ్చితంగా మాట్లాడుతుంది. మనకు మూడోమనిషిని చెప్పడానికి వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి. వీటి పక్కన పొగరును పెట్టి చూడండి. వాడికి పొగరు అన్నది అతుకు లేకుండా వస్తుంది. అతనికి పొగరు కూడా వస్తుంది. ఆయనకు పొగరు అనాలంటే గొంతు కొంచెం తగ్గుతుంది, అటూ ఇటూ చూసుకుంటాం. వారికి పొగరు అనేది ఎత్తిపొడుపుగా తప్ప నోట పలకదు. ఇక ముఖం మీద అనవలసివస్తే నీకు పొగరెక్కిందిరా అని అనగలం గానీ, మీకు పొగరెక్కిందండీ అన్న వాక్యం పోట్లాటలోనో హాస్యంలోనో తప్ప పుట్టదు. గౌరవవాచకం వచ్చి చేరేకొద్దీ పొగరు జారుకుంటుంది, దాని స్థానంలో అహంభావమో అతిశయమో వచ్చి కూర్చుంటుంది. గుణం ఒకటే అయితే మెట్టు మారగానే మాట మారడమెందుకు?

క్రియలు కూడా అదే చెబుతాయి. గర్వపడతాం. గర్వం వాడే పడ్డాడు, వాడిదే. పొగరు మాత్రం ఎక్కుతుంది, పట్టుకుంటుంది. బయటి నుంచి వచ్చి చేరిన తెగులు అది. కనుక దాన్ని అణచాలి, దించాలి, తీయాలి. ఈ క్రియలన్నింటికీ కర్త మరొకడు. ఇలా దించేవాడికి తెలుగు ఒక పేరు ఇచ్చింది, అది విని నవ్వుకుంటామే గానీ ఆలోచించం. వీడికి మొగుడు దొరికాడు అంటాం. అణచడమూ మొగుడితనమూ ఒకటేనని భాష నిర్ణయించేసింది. సినిమా ఆ నిర్ణయాన్ని మూడుగంటల కథగా చేసి వందలసార్లు అమ్మింది. 1962 నాటి ‘గుండమ్మ కథ’ ఎంత హాయైన సినిమా అయినా, సరోజ గర్వం దిగి ఆమె ఒంటికి కష్టం రుచి తెలిసేదాకా కథ ముగియదు. చెప్పినట్టు నడిచే లక్ష్మి మొదటినుంచీ మన కంటనీరు పెట్టిస్తుంది. 1989లో వచ్చిన ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’కు విడిగా వ్యాఖ్యానం అక్కర్లేదు, పేరులోనే అంతా ఉంది. ఆడదానికి అంత పొగరు పనికిరాదన్న వాక్యం మన చెవులకు ఎంత అలవాటంటే, మగవాడికి ఎంత పొగరు పనికివస్తుందో ఎవరూ చెప్పలేదన్న సంగతే గుర్తుకురాదు.

ఇప్పుడు అభ్యంతరాలు చూద్దాం. మొదటిది బలమైనదే. కిందివారు పైవారిని ఈ మాట అనరా? డబ్బు పొగరు, పదవి పొగరు, కులపొగరు అన్న మాటలు ఎవరి నోట పుట్టాయి? బలిసినవాళ్ళు అని కూలివాడు అనడా? నిజమే, అంటాడు. అయితే అనే తీరు చూడండి. పైవాడి పొగరుకు ముందు ఒక విశేషణం కావలసివచ్చింది. డబ్బు వల్ల, పదవి వల్ల, కులం వల్ల అని కారణం చూపించాలి. ఆ కారణం తీసేస్తే పొగరు పోతుందన్న ఆశ కూడా ఆ సమాసంలో ఉంది. కూలివాడి పొగరుకు విశేషణం అక్కర్లేదు. వాడికి పొగరు, అంతే. కారణం అడిగేవారు లేరు. గుర్తుపట్టడానికి ఒక బొట్టు అదనంగా పెట్టవలసిన మాట ఎటు ఉందో, భాషకు మామూలు కానిది అటు ఉంది. రెండో తేడా, కూలివాడు ఆ మాటను ఎక్కువగా చాటున అంటాడు, యజమాని నలుగురిలో అంటాడు. ఎదురుగా అనగలిగిన రోజు వచ్చిందంటే అప్పటికే ఆ ఊళ్ళో మెట్లు కదిలాయని అర్థం. తెలంగాణ పల్లెల్లో నీ బాంచెన్ అన్న నోరు దొరను పట్టుకుని నీకు బలిసిందిరా అనగలగడానికి మధ్య 1946-51 నాటి సాయుధపోరాటం ఉంది.

రెండో అభ్యంతరం తియ్యనిది. తల్లి పిల్లవాణ్ణి ముద్దుచేస్తూ వీడికెంత పొగరో చూడండి అంటుంది. ప్రేమికులు అనుకుంటారు, స్నేహితులు అనుకుంటారు. ఇందులో ఫిర్యాదు ఎక్కడుంది? తల్లి మాటలో పిల్లవాడు వంగాలన్న హక్కు ఉంది, ఆ హక్కును ఆమె సరదాగా వదులుకుంటోంది. వదులుకోవడానికి ముందు హక్కు ఉండాలి కదా. పిల్లవాడు తల్లిని అదే ముద్దుతో నీకెంత పొగరే అన్నాడంటే నవ్వొస్తుంది. మెట్లు తలకిందులైనందువల్లే ఆ నవ్వు. సమానుల మధ్య ఈ మాట దొర్లినప్పుడు కూడా, అన్నవాడు ఆ క్షణానికి ఒక మెట్టు ఎక్కి మాట్లాడతాడు. ఈ విషయం దగ్గర ఇంతకన్నా ఆగనక్కరలేదు.

అసలైన చిక్కు మూడో అభ్యంతరం. పొగరంటూ నిజంగా లేదా? తోటివారిని పురుగుల్లా చూసేవాడు లేడా? వాణ్ణి ఏమనాలి? ఉన్నాడు, తప్పకుండా ఉన్నాడు. అయితే వాణ్ణి పట్టుకోవడానికి తెలుగులో ఇంకో పదజాలం ఉంది. అది అవమానించేవాడి ఒంట్లోంచి కాక, అవమానపడినవాడి అనుభవంలోంచి పుట్టింది. చులకన, చిన్నచూపు, అలుసు, ఈసడింపు, లెక్కచేయకపోవడం, ఖాతరు చేయకపోవడం, తీసిపారేయడం, పూచికపుల్లలా చూడడం. పొగరు కుటుంబం పశువుల కొట్టంలో పుట్టిందన్నాను. ఈ కుటుంబం అంగట్లో, త్రాసు దగ్గర పుట్టింది. చులకనలో తేలికదనం ఉంది, మనిషిని తూచి బరువు తక్కువన్నారు. చిన్నచూపులో పరిమాణం ఉంది. లెక్కచేయకపోవడంలో సంఖ్య ఉంది, అందరినీ లెక్కపెట్టి ఒకణ్ణి వదిలేశారు. సంస్కృతం వైపు నుంచి వచ్చిన తృణీకరణం కూడా మనిషిని గడ్డిపోచ చేయడమే. తనను తప్పుడు తూకం వేశారన్న బాధ ఈ మాటలన్నింటిలోనూ ఉంది. పుల్లవిరుపు, మూతివిరుపు, పెదవివిరుపు, ముక్కు చిట్లించడం లాంటివి త్రాసు పట్టుకున్నవాడి ముఖకవళికల్ని అచ్చుగుద్దినట్టు పట్టుకున్నాయి. నా దృష్టిలో తెలుగు భాష సాధించిన సూక్ష్మాల్లో ఇదొకటి. ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించకుండా, పెదవి ఎటు తిరిగిందో చూసి చెప్పింది.

ఈ రెండు పదజాలాల మధ్య తేడా శైలికి సంబంధించిన ముచ్చట కాదు. పొగరు లోపల ఉండే గుణం. దాన్ని రుజువు చేయనక్కరలేదు, కాదనడానికీ వీలులేదు. నాకు పొగరు లేదని గట్టిగా అంటే అదే పొగరుకు సాక్ష్యమవుతుంది. చులకన చేయడం బయటికి కనపడే చేష్ట. ఎవరు, ఎక్కడ, ఏమన్నారో చెప్పవచ్చు, కాదంటే వాదించవచ్చు. మన సమీప చరిత్రలో రెండు ఊళ్ళ పేర్లు ఇక్కడ తలచుకోకుండా ముందుకు వెళ్ళడం కుదరదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. అంతకుముందు రోజు తాము తాగే చెరువునీటిని గేదెల కుడితి బాల్చీతో పాడుచేయవద్దని మాదిగపల్లె వారు అడ్డుచెప్పారు, కొట్టబోతే ఒక మహిళ చేతిలోని బిందె ఎత్తింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. అక్కడ తగాదాకు అంకురం సినిమా హాల్లో ముందు సీటుకు కాలు తగలడం. నీళ్ళు పాడుచేయవద్దన్న మాట, ఎత్తిన బిందె, తగిలిన కాలు. మామూలు మనుషుల మధ్య ఇవి ఒక పూట మాటపట్టింపుతో పోయే సంగతులు. హత్యలదాకా వెళ్ళాయంటే, చంపినవారి దృష్టిలో అవి చేష్టలుగా కాక చేష్టల వెనక ఉన్న ఒక గుణంగా కనపడి ఉండాలి. చేష్టకు క్షమాపణ చాలు. గుణాన్ని మాత్రం అణచాలి. కొట్టంలో పుట్టిన పదజాలం మనుషుల మధ్య పనిచేస్తే ఎక్కడిదాకా పోగలదో ఈ రెండు ఊళ్ళూ చెబుతాయి.

చట్టం ఈ తేడాను మనకన్నా ముందే గుర్తించింది. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది. దేశవ్యాప్తంగా జరుగుతున్న ఇలాంటి ఘోరాల మధ్య 1989లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అగ్రకుల అహంకారం నేరమని ఆ చట్టం ఎక్కడా అనలేదు. అనలేదు కాబట్టే అది పనికివచ్చే చట్టమైంది. నలుగురికీ కనపడే చోట, ఆ కులంలో లేదా తెగలో పుట్టిన మనిషిని కించపరచాలన్న ఉద్దేశంతో అవమానించడమో బెదిరించడమో నేరమంది. అంటే చులకన చేసే చేష్టను పట్టుకుంది, ఒంటిలోని గుణాన్ని వదిలేసింది. అహంకారి మనసులో ఎంత ఎత్తున కూర్చున్నాడో న్యాయస్థానం కొలవలేదు. ఎదుటివాణ్ణి ఎంత కిందికి తోశాడో కొలవగలదు. చట్టానికి సాధ్యమైన ఈ మాత్రం వివేకం మన రోజువారీ మాటకు సాధ్యం కాదని అనుకోను.

నాలుగో అభ్యంతరం నేటి కుర్రకారుది. పొగరు ఇప్పుడు తిట్టు కాదండీ, బిరుదు అంటారు. అది కూడా వాస్తవమే. విశాల్ నటించిన తమిళ చిత్రం ‘తిమిరు’ 2006లో ‘పొగరు’ పేరుతో తెలుగులోకి వచ్చింది. 2021లో కన్నడంలోనూ అదే పేరుతో సినిమా వచ్చింది. టికెట్టు అమ్మే మాట అయింది పొగరు. యాటిట్యూడ్ అన్న అరువుమాట దానికి తోడైంది, తలపొగరుకు హెడ్‌వెయిట్ అని ఒక ముద్దుపేరు కూడా వచ్చింది. నాకు పొగరెక్కువే అని ఒకడు ఛాతీ మీద రాసుకుంటే అతనిది ఏ మెట్టో చూడమంటాను. తరతరాలుగా వంగమన్నవారి వంశంలో పుట్టినవాడు ఆ మాట అంటే, తన మీద విసిరిన రాయిని జేబులో వేసుకున్నాడు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ తెలుగు కవిత్వంలో ధిక్కారాన్ని బూతులా చూడడం మాన్పించాయి. ఎన్నడూ ఎవరికీ వంగని ఇంట్లో పుట్టి, బండి వెనక కులం పేరు రాయించుకుని తిరిగేవాడు అదే మాట అంటే అది తిరుగుబాటు కాదు. ఉన్న నగకు మెరుగు పెట్టించుకోవడం. మాట ఒకటే కదా అని రెంటినీ ఒక గాటన కట్టేవారు నేను మొదటినుంచీ చెబుతున్న తప్పే మళ్ళీ చేస్తున్నారు. ఎవరు అన్నారన్నది వదిలేస్తున్నారు.

వంగని వెన్నుకు లోపలి నుంచి పెట్టుకున్న పేరు ఒకటి ఉంది. అది ఆత్మగౌరవం. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి టి. అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ మందలించిన ఘటన తెలుగువారిని ఎంత కలచివేసిందో రాజకీయ చరిత్ర చెబుతుంది. ఆ మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు నోట ఆ మాట మోగింది, పది నెలలు తిరగకముందే ప్రభుత్వం మారింది. తర్వాత అదే మాటను తెలంగాణ ఉద్యమం తెలుగువారిలోనే సాటివారి చిన్నచూపుకు జవాబుగా ఎత్తుకుంది. అంతకుముందే దళిత ఉద్యమం ఎత్తుకుంది. ప్రతిసారీ అవతలివైపు నుంచి వినపడింది మాత్రం ఒకటే మాట, వీళ్ళకు పొగరెక్కింది. ఢిల్లీ నుంచి చూస్తే హైదరాబాదుకు పొగరు, కోస్తా నుంచి చూస్తే తెలంగాణకు పొగరు, ఊరినుంచి చూస్తే వాడకు పొగరు. నిన్న ఆత్మగౌరవం అన్న నోరే ఇవాళ తన కింది మెట్టును చూసి పొగరు అనడం మన చరిత్రలో ఒకసారి జరిగింది కాదు.

చివరిగా నిఘంటువుల దగ్గరికి తిరిగి వస్తాను, మొదలుపెట్టింది అక్కడే కనుక. మన నిఘంటు సంప్రదాయానికీ ఒక పెదవివిరుపు ఉంది. దాని పేరు గ్రామ్యం. జనం నోట బతికే మాటకు ఊరిమాట అని ముద్రవేసి గడప బయట నిలబెట్టడం ఒకప్పటి పద్ధతి. గిడుగు జీవితమంతా దానితోనే పోరాడారు. ఆ పోరాటం గెలిచాక కూడా ఒక ప్రాంతం పలుకుబడిని భాష అనీ, మరో ప్రాంతం పలుకుబడిని యాస అనీ అనడం మానలేదు. త్రాసు అదే, తూచే చేయి మారింది. మాట ఎక్కడ పలుకుతారో గుర్తించే పని మాత్రం ఒకచోట శ్రద్ధగా జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం నాగలి భాగాలకు కూడా ఏ జిల్లాలో ఏ పేరో పట్టి చూపించింది. మాట ఏ ఊరిదో చెప్పగలిగిన శాస్త్రం అది ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు విసిరేదో కూడా చెప్పగలదు. తెలుగు వాడుక నిఘంటువు పనిలో ఉన్నవారికి, ఇక ముందు ఆ పనికి పూనుకునే విద్యార్థులకు నా మనవి ఒక్కటే. పొగరు అన్న మాట కింద గర్వం, అహంకారం అని రాసి ఊరుకోకండి. తమకన్నా తక్కువవారని తలచినవారు వంగనప్పుడు అనే మాట అని ఒక్క పంక్తి చేర్చండి.